పరుపుబండ మీద రాళ్ల దొంతులు

కాఫీ ఇంత పలచగా కాచే మనిషి దారినేం చూసుకుంటుంది, కప్పు అడుగున ఇసుక రేణువులు కూడా కనబడుతున్నాయి, అనుకుంటూనే రెండో గుక్క తాగాడు ఎల్డన్ హాచ్, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే పలచనేమిటి చిక్కనేమిటి, యూటా ఎడారిలో ఏప్రిల్ అంటే ఇంతే, మధ్యాహ్నం మాడు పగిలే ఎండ, తెల్లారేసరికి గుడారం మీద మంచు పొర, అవతల రెండో గుడారం ముందు మారిసోల్ వంగి బూట్ల తాళ్లు బిగించుకుంటోంది, ముప్పై ఏళ్లుంటాయేమో, పొట్టిగా గట్టిగా ఉంటుంది, కింద ఊళ్లో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగమట, వారానికి రెండు రోజులు సెలవట, ఆ రెండు రోజులూ కొండల్లోనేనట, అయితే ఏంటట, సెలవు దొరికినవాళ్లంతా కొండెక్కేస్తే సరా, ఇది ఎల్డన్ దారి, ఇరవై రెండేళ్లుగా తన చేతిలో ఉన్న దారి, ఆ మాటకొస్తే దారి అనడానికి నేల మీద గీత కూడా లేదు, చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే తొమ్మిది మైళ్లూ ఎర్రటి పరుపుబండ, అడుగు వేస్తే అచ్చు పడదు, దాని మీద అక్కడొకటి ఇక్కడొకటి మోకాలెత్తు రాళ్ల దొంతులు, ఒక దొంతి దగ్గర నిలబడితే రెండోది కనబడాలి, రెండోదాని దగ్గర నిలబడితే మూడోది, అంతే దారంటే, ఏటా వసంతంలో వచ్చి పడిపోయినవి నిలబెట్టాలి, సరదాకి ఎవరో కట్టిపోయినవి విప్పాలి, జీతం లేదు భత్యం లేదు, పార్కువాళ్లిచ్చిన టోపీ ఒకటుంది, దాన్ని కూడా వెర్లా ఉతికి ఉతికి రంగు పోగొట్టింది, వెర్లా అంటే గుర్తొచ్చింది, మోకాలి పట్టీ మర్చిపోకు అని మరీ మరీ చెప్పింది, నిన్న బండి ఎక్కుతుంటే గుమ్మంలో నిలబడి, ఏమయ్యా, ఆ పిల్లని ఏడిపించకుండా తీసుకెళ్లి తీసుకురా, ఈ ఏడాదే ఆఖరని డాక్టరు చెప్పాడు గుర్తుందా, దారిని నీ తాతలు రాసిచ్చిన ఆస్తిలా పట్టుకుని వేలాడకు, అంది, నలభై నాలుగేళ్ల కాపురంలో ఆ మనిషి ఒక్కసారి కూడా తప్పు మాట అనలేదు, అదే దానితో వచ్చిన చిక్కు.

ఎల్డన్ గారూ, బయల్దేరదామా, ఇక ఇక్కణ్నుంచి మీరు మాట్లాడకూడదు కదూ, అంటోంది మారిసోల్, తల ఊపాడు, ఆనవాయితీ అది, దారి అప్పగించే రోజున కొత్త మనిషి ముందు నడవాలి, పాత మనిషి ఇరవై అడుగులు వెనక, నోరు విప్పకూడదు, వేలు చూపించకూడదు, దగ్గకూడదు కూడా, తన వంతు వచ్చినప్పుడు వెనక నడిచిన ఆర్వల్ ముసలాయన తొమ్మిది మైళ్లూ రాయిలా ఉన్నాడు, సాయంత్రం మాత్రం కాగితం మీద సంతకం పెట్టి, ఫరవాలేదురా, కుక్కపిల్లని వదిలినా ఇలాగే వస్తుంది, అన్నాడు, అలాంటి కాగితమే ఇప్పుడు ఎల్డన్ చొక్కా జేబులో ఉంది, అప్పగించవచ్చు అని రాయాలి, లేకపోతే వద్దు అని రాయాలి, కింద కారణం రాయాలి, వద్దంటే ఇంకెవరూ లేరు, పార్కువాళ్లు చెప్పేశారు, చూసుకునే మనిషి లేకపోతే దొంతులన్నీ విప్పించి పటంలోంచి దారి తీసేస్తామని, తీసేస్తే తీసేశారు, తనతోనే పోతుంది, తన తర్వాత ఎవరి చేతిలోనూ చెడిపోదు, ఛీ, ఏం బుద్ధిరా ఇది, అరవై తొమ్మిదేళ్లొచ్చాయి, ఒక పిల్ల తప్పటడుగు వెయ్యాలని తెల్లారగట్ల లేచి కూర్చున్నావా అని తన్ను తానే తిట్టుకుని, కర్ర అందుకుని లేచాడు, మోకాలు కటుక్కుమంది.

ఎండ అప్పుడే పడమటి గోడ పైఅంచుని తాకింది, ఎన్నిసార్లు చూసినా అంతే, అదేదో తన కోసమే ఇవాళే మొదటిసారి జరుగుతున్నట్టు గుండె ఒక్కసారి ఆగుతుంది, ముందు పైన సన్నగా బంగారు జరీ అంచు, తర్వాత కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది, దిగేకొద్దీ గోడ ఎరుపు, కాషాయం, కాల్చిన ఇటుక రంగు, మధ్యలో తెల్లటి చారలు, వెయ్యి అడుగుల గోడ, దాని కింద మనిషన్నవాడు చీమకి కూడా చాలడు, అయినా చిన్నతనం అనిపించదు, హాయిగా ఉంటుంది, నీ గొడవలన్నీ నాకు తెలీవు పో అని పెద్దమనిషి నవ్వి పంపేసినట్టుంటుంది, గోడ చీలికలోంచి ఏదో చిన్న పిట్ట పాట అందుకుంది, పైస్థాయిలో మొదలుపెట్టి మెట్లు దిగినట్టు దిగుతుంది ఆ పాట, ఈ లోయంతా దానికొక గొంతు, అరచేతిలో పట్టే పిట్టకి అంత గొంతెక్కడిదో, మారిసోల్ కూడా ఆగింది, తలెత్తి వింటోంది, టోపీ తీసి మరీ వింటోంది, సరే, దీనికి చెవులైతే ఉన్నాయి.

కాళ్లు కూడా ఉన్నాయి, ఒప్పుకోవాలి, పరుపుబండకీ పరుపుబండకీ మధ్య నల్లగా పొక్కులు పొక్కులుగా ఉండే మన్ను, చూడ్డానికి మాడిన రొట్టెలా ఉంటుంది గాని ప్రాణమున్న మన్ను అది, ఒక బూటు పడిందంటే మళ్లీ కోలుకోవడానికి మనిషి జీవితకాలం పడుతుంది, ఈ అమ్మాయి రాయి మీంచి రాయి మీదికే వేస్తోంది అడుగు, రాయి లేనిచోట వాన కాలవ ఇసుకలోకి దిగి చుట్టు తిరిగి వస్తోంది, ఎవరూ చెప్పకుండానే, ఎల్డన్‌కి తెలీకుండానే తల ఊగింది, వెంటనే ఆపుకున్నాడు, తల ఊపడం కూడా చెప్పడం కిందికే వస్తుంది, కానీ దొంతి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇదేం చాదస్తం, ప్రతి దొంతి దగ్గరా ఆగుతుంది, వెనక్కి తిరిగి పాత దొంతి కనబడుతోందా చూస్తుంది, ముందుకు తిరిగి కొత్తది చూస్తుంది, అక్కడితో ఊరుకోదు, గొంతుక్కూర్చుని మళ్లీ ముందుకీ వెనక్కీ చూస్తుంది, ఇలా అయితే తొమ్మిది మైళ్లు ఎప్పటికి తెమిలేది, ఏడో దొంతి దగ్గర కూర్చుని, అయ్యో అంది, కూర్చుంటే కనబడ్డం లేదు, సేజ్ పొద అడ్డమొచ్చింది, పిల్లలతో వచ్చినవాళ్లకి పిల్లలే కదా ముందు పరిగెత్తేది, అని తనలో తనే అనుకుంటున్నట్టు పైకే అంటూ, ఆ ముందున్న దొంతి మీద ఇంకో రెండు రాళ్లు ఎక్కించింది, ఎల్డన్‌కి ఒళ్లు మండింది, నా దొంతి మీదా, ఆ మంట మీదే ఇంకో ఆలోచన చన్నీళ్లలా పడింది, నేను ఆరడుగుల మీద రెండంగుళాలు, ఇరవై రెండేళ్లలో ఎప్పుడైనా కూర్చుని చూశానా.

ఎల్డన్ గారూ, ఉన్నారా, ఉంటే కర్రతో ఒకసారి కొట్టండి, అని ముందునుంచి కేక, వెనక్కి తిరగడం లేదు, తిరిగితే మొహం చూసి తప్పో ఒప్పో పసిగట్టేస్తానని కాబోలు, గడుసుదే, కర్రతో బండ మీద టక్కుమని కొట్టాడు, అమ్మయ్య, మీ ఇంటావిడ ఫోన్ చేసి మరీ చెప్పారు, ముసలాయన్ని తోవలో పారేసుకు రాకు తల్లీ, వంట వండేశాను అన్నారు, అని నవ్వుతోంది, ఈ వెర్లా ఎప్పుడు చేసిందీ ఫోను, వీళ్లిద్దరూ ఎప్పుడు జట్టు కట్టారు, నవ్వొచ్చింది గాని నవ్వకూడదు, నోరు బిగించి టక్ టక్ అని రెండుసార్లు కొట్టాడు, రెండుసార్లంటే కోపమనుకోవాలా అంది, మూడుసార్లు కొట్టాడు.

మూపురంలాంటి గుట్ట ఎక్కేసరికి పొద్దు నెత్తి మీదికొస్తోంది, నాలుగు దిక్కులా ఎర్రటి రాతి తెరలు, ఒకదాని వెనక ఒకటి, చిట్టచివర నీలంగా మంచుకొండ, అబ్బ, ఎవరు చేశారో గాని తీరిగ్గా చేశారు, ఆ గుట్ట మీద ఎవరో పని లేనివాళ్లు పదకొండు బుల్లి దొంతులు వరసగా కట్టిపోయారు, బొమ్మరిల్లులాగా, మారిసోల్ వీపు మీది సంచి దించి ఒక్కొక్కటే విప్పింది, కాలితో తన్నెయ్యలేదు, చాలామంది తన్నేస్తారు, రాయి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఎండకి నల్లబడ్డ వైపు పైకీ, లేత ఎరుపు వైపు కిందికీ ఉండేలా, అది ఎక్కడ్నుంచి ఊడిందో ఆ గుంట వెతికి మరీ పెట్టింది, అయ్యేసరికి అక్కడ ఎవరూ ఎప్పుడూ చెయ్యి పెట్టనట్టే ఉంది, ఈ సంగతి ఎల్డన్‌కి తట్టడానికి మూడేళ్లు పట్టింది, ఈ పిల్లకి మొదటిరోజే ఎలా తెలిసింది, మెచ్చుకోకుండా ఉండాలంటే ఇంక కళ్లు మూసుకోవాలి, నీడలో కూర్చుని తన సంచిలోంచి రొట్టెలు తీసి రెండు ఇతనికిచ్చింది, అమ్మ చేసింది, లోపల బీన్సూ పచ్చిమిరపకాయా, కారమైతే నీళ్లు తాగండి, బాగుందని చెప్పకండి, రూలు ఒప్పుకోదు, అంది, కళ్లంట నీళ్లు కారుతుంటే తింటూ కూర్చున్నాడు, దేవుడు మేలు చెయ్యాలి ఆ తల్లికి.

అప్పుడొచ్చింది దారి చీలే చోటు, మధ్యాహ్నం దాటాక, జూనిపర్ చెట్టు దగ్గర, కుడివైపు చెట్టు చాటుగా మోకాలెత్తు దొంతి, ఎడమవైపు వందడుగుల దూరంలో నడుమెత్తు దొంతి, ఈ దారి మొత్తం మీద పెద్దది అదే, జనం దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటారు, కుడివైపే దారి, ఎడమవైపు వెళ్తే అరమైలులో బండ తెగిపోతుంది, వానాకాలంలో నీళ్లు దూకే చోటు, నలభై అడుగుల పల్లం, మారిసోల్ ఆగింది, అటు చూసింది, ఇటు చూసింది, కూర్చుని చూసింది, లేచి ఎడమవైపు నడిచింది, ఎల్డన్ గుండెలో ఏదో ఎగిరి గంతేసింది, తప్పింది, తప్పేసింది, జేబులో కాగితం వెచ్చగా తగిలింది, రాయొచ్చు, వద్దు అని రాయొచ్చు, నిజమే రాసినట్టవుతుంది, ఎవరూ వేలెత్తి చూపలేరు, వెర్లా కూడా, ఆ సంతోషం అంత తొందరగా అంత తియ్యగా వచ్చేసరికి సిగ్గేసింది, నోరు తెరిచి అమ్మాయీ అనబోయాడు, కూడదు, పగటివేళ అంచు దూరంనుంచే కనబడుతుంది, ప్రమాదం లేదు, వెనకే నడిచాడు, ఒక్కో అడుగూ మోకాల్లో మేకు దిగినట్టుంది, ఆమె అంచుకి పది అడుగులు ఇవతలే ఆగింది, తర్వాతి దొంతి కోసం నాలుగువైపులా చూసింది, లేదు, కంగారు పడుతుందేమో అనుకున్నాడు, పడలేదు, కూర్చుని నీళ్లు తాగింది, కింద లోయలో గాలి గుప్పుమని పైకొచ్చి ఆమె జుట్టు లేపింది, ఎంతందంగా ఉంది కదండీ ఇక్కడ, అంది, దారి తప్పిన మనిషి అనే మాటేనా అది.

తర్వాత లేచి వచ్చిన దారినే వెనక్కి నడిచి, ఆ నడుమెత్తు దొంతి ముందు నిలబడింది, నడుం మీద చేతులు పెట్టుకుని, బడి ఎగ్గొట్టిన పిల్లాణ్ని చూసినట్టు చూసి, తప్పు నాది కాదండీ, దీనిది, అంది, విప్పడం మొదలుపెట్టింది, ఎల్డన్ నిలబడిపోయాడు, అది కాదు, దాన్ని కాదు, గొంతుదాకా వచ్చింది మాట, ఎందుకంటే అది తను పెట్టిందే, పదకొండేళ్ల కిందట, వానల్లేని ఏడాది, ఇక్కడికి దగ్గర్లో రాతిలో వాన నీళ్లు నిలిచే దొన ఒకటుంది, మళ్లీ వచ్చినప్పుడు దొరకాలని తన కోసం తను మూడు రాళ్లు పెట్టుకున్నాడు, మూడే, జానెడు ఎత్తు, తీసేద్దామనుకున్నాడు, మర్చిపోయాడు, వచ్చేపోయేవాళ్లు తలా ఒక రాయి వేస్తారు కదా దొంతి కనబడితే, పుణ్యమో సరదానో, అలా పెరిగింది, ఏటా దీని పక్కనుంచే వెళ్లాడు, ఏటా కుడివైపే తిరిగాడు, పాదాలకి తెలుసు దారి, కళ్లతో పనేముంది, మరి కిందటి అక్టోబరులో, వద్దు, అది గుర్తు చేసుకోకు, కిందటి అక్టోబరులో ఆ మొగుడూ పెళ్లాం ఎక్కణ్నుంచో వచ్చినవాళ్లు పొద్దుగూకే వేళ ఆ అంచు దగ్గర చిక్కుకున్నారు, ఆవిడ జారి కింద అరుగులాంటి రాతి మీద పడింది, కాలు విరిగింది, రాత్రంతా చలిలో అక్కడే, పొద్దున్నే హెలికాప్టరు వచ్చింది, దుప్పటి కప్పుకుని వణుకుతూ ఆ మొగుడు ఎల్డన్ చెయ్యి పట్టుకుని, మేం రాళ్లు చూసుకునే వచ్చామండీ, ఒట్టు, పెద్ద రాళ్ల గుట్టే చూసుకుని వచ్చాం, అన్నాడు, అలాగే బాబూ అని భుజం తట్టి ఇంటికొచ్చి నివేదికలో ఏం రాశాడు తను, గుర్తులు చూసుకోకుండా నడిచినందువల్ల, అని రాశాడు, వెర్లాకి చదివి వినిపించాడు కూడా, బాగా రాశానా అని అడిగాడు.

అడుగుదాకా విప్పేసింది మారిసోల్, చివరికి మూడు రాళ్లు మిగిలాయి, రెండు పలకలు, వాటి కింద పల్లపు వైపు కదలకుండా దోపిన చిన్న చీలు రాయి, వాటిని చూస్తూ కూర్చుంది, తర్వాత తలెత్తి ఇతని వైపు చూసింది, పొద్దుట్నుంచీ వెనక్కి తిరగని మనిషి సూటిగా కళ్లలోకి చూసింది, వంగి ఆ మూడు రాళ్లు కూడా తీసి, నల్లబడ్డ వైపు పైకి పెట్టి, చేతులు దులుపుకుని, కుడివైపు చెట్టు చాటు దొంతి దగ్గరికెళ్లి దాన్ని విప్పి చెట్టు ఇవతలకి తెచ్చి కొత్తగా కట్టింది, అడుగున పల్లపు వైపు చీలు రాయి దోపి మరీ కట్టింది, అయ్యాక అరచేత్తో ఒకసారి గట్టిగా నొక్కింది, కదల్లేదు, అంత బాగా తను కూడా కట్టలేదు ఎప్పుడూ.

గుడారాల దగ్గరికి తిరిగొచ్చేసరికి ఇంకా వెలుగుంది, గోడలు మళ్లీ రంగు మారుతున్నాయి, ఈసారి కిందనుంచి పైకి, ఎరుపు నెమ్మదిగా పైకి జరుగుతుంటే కింద నీలం నిండుతోంది, ఆమె బీన్సు డబ్బా వేడి చేస్తోంది, ఇంక మాట్లాడచ్చండీ, తొమ్మిది మైళ్లూ అయిపోయాయి, తిట్లుంటే అన్నం ముందే తిట్టెయ్యండి, అంది, ఆ పెద్ద దొంతి, అన్నాడు ఎల్డన్, ఆ మూడు రాళ్లు పెట్టింది నేను, అన్నాడు, తెలుసండీ అంది ఆమె, డబ్బాలో గరిట తిప్పుతూనే, మా నాన్న రాతి గోడలు కడతారు, గోడ చూసి ఎవరు కట్టారో చెప్పేస్తారు, చిన్నప్పట్నుంచీ నాకూ అదే పిచ్చి, పల్లపు వైపు చీలు రాయి దోపేది మీరొక్కరే, అందుకే గాలికి పడవు మీ దొంతులు, నాలుగేళ్లుగా ఈ దారిన వచ్చినప్పుడల్లా చూసి మా పెరట్లో కట్టుకుంటున్నాను, మొదట్లో అన్నీ పడిపోయేవి, మా అమ్మ నవ్వేది, ఇప్పుడు పడవు, అయినా ఎడమవైపుది తేడాగా ఉందని ఎప్పుడూ అనుకునేదాన్ని, ఇవాళ దాని మాటే నమ్మి నడిచి చూద్దామనిపించింది, కొత్తవాళ్లు అలాగే కదా నడిచేది, అంది, అంటే నీకు దారి తెలిసే ఎడమవైపు వెళ్లావా, అన్నాడు, ఆమె తలెత్తలేదు, దారి తెలిసినట్టు నడిస్తే దొంతులు ఎవరు చూస్తారండీ, నాకు తెలీదనుకునే నడిచాను పొద్దుట్నుంచీ, అంది, ఆ మాట అని గిన్నెలో బీన్సు వడ్డించి ఇతని చేతికిచ్చి, అవి మీవేనా అని అప్పుడే ఎందుకు అడగలేదు అంటారేమో, మీరు మాట్లాడకూడదుగా, అని నవ్వేసింది.

గిన్నె పక్కన పెట్టి కాగితం తీశాడు, మోకాలి మీద పరుచుకున్నాడు, అప్పగించవచ్చు అని రాసి సంతకం పెట్టాడు, అక్షరాలు వంకరపోయాయి, కింద కారణం దగ్గర కలం ఆగింది, ఎన్ని రాయొచ్చు, కాళ్లు మంచివి, చేతులు మంచివి, కూర్చుని చూస్తుంది, రాయిని రాయిలా చూస్తుంది, అవన్నీ నిజమే, అవేవీ కావు, రేపు ఇంటికెళ్లగానే ఇంకో కాగితం తీసుకుని ఆ మొగుడికీ ఆ పెళ్లానికీ ఉత్తరం రాయాలి, మీరు రాళ్లు చూసుకునే నడిచారు, ఆ రాళ్లు నావి, నివేదికలో నేను రాసింది తప్పు, అని, పార్కువాళ్లకీ అదే రాయాలి, వెర్లాకి చదివి వినిపించాలి, బాగా రాశానా అని అడక్కుండా, ఎదురుగా ఆ పిల్ల బూట్లిప్పి కాళ్లు చాపుకుని గోడ మీది ఆఖరి ఎరుపు చూస్తోంది, నోరు కొంచెం తెరుచుకుని, ఇన్నేళ్లుగా ఇక్కడికొస్తూ కూడా మొదటిసారి చూస్తున్నట్టు, దారి తనదని ఎంత మురిసిపోయాడు, కళ్లు మూసుకుని నడవగలనని వెర్లా దగ్గర, ఊళ్లో, చివరికి ఈ పిల్ల దగ్గర కూడా ఎన్నిసార్లు గొప్పలు పోయాడు, అదేనా గొప్ప, అలాగే నడిచాడు కదా నిజంగానే, కళ్లు మూసుకునే, దారి తెలీని మనిషి కోసం ఆ రాళ్లన్నీ కట్టాడు, కట్టి, ఇరవై రెండేళ్లలో ఒక్క రోజంటే ఒక్క రోజు, దారి తెలీని మనిషిగా వాటి వెంట నడవలేదు.